యాప్‌లో స్కోరు 768, బ్యాంకులో 671. నేను తీసుకోని లోన్ నా రిపోర్ట్‌లో ఉంది, ఏం చేయాలి?

కాకినాడ నర్సు:

అందరికీ నమస్కారం అండి. నేను కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. సర్పవరం వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాట్ ఒకటి చూసుకున్నాం. ధర 41 లక్షలు, అందులో 29 లక్షలు హోమ్ లోన్ పెట్టాలి. నా జీతం పడే బ్యాంకులోనే అప్లై చేశాం, నేనే మొదటి దరఖాస్తుదారు.

ఫోన్‌లో ఒక యాప్‌లో ప్రతి నెలా నా క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు ఎలా తీరుస్తామో చూపే అంకె, చూసుకుంటాను. 768 ఉంది. ఆ ధైర్యంతోనే ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చాం. తీరా బ్యాంకులో మేడం "మీ సిబిల్ 671 అండి, ఒక రైటాఫ్ అకౌంట్ కూడా ఉంది, ఇది తేలేదాకా ఫైలు ముందుకు వెళ్లదు" అన్నారు. ఇంటికొచ్చి సిబిల్ (మన అప్పుల రికార్డు ఉంచే కంపెనీ) సైట్‌లో నా పూర్తి రిపోర్ట్ తీసుకున్నాను. చాలా పేజీలు ఉన్నాయి. చదువుతుంటే టెన్షన్ ఇంకా ఎక్కువైంది.

మొదటిది, 2019 ఆగస్టులో ₹24,990కి కన్స్యూమర్ లోన్ తీసుకున్నట్టు ఉంది. బాకీ ₹9,340 అట, పక్కన 'రిటెన్ ఆఫ్' అని ఉంది, మేడం చెప్పిన రైటాఫ్ ఇదే. ఒట్టు అండి, ఆ కంపెనీ దగ్గర నేను ఏ లోనూ తీసుకోలేదు. 2019లో మేం కొన్నది ఒక్క వాషింగ్ మెషీన్, అదీ నగదుకే.

రెండోది ట్రాక్టర్ లోన్. అది మా అన్నయ్యది, పిఠాపురం దగ్గర మా ఊళ్లో వ్యవసాయం చేస్తాడు. నేను షూరిటీ సంతకం పెట్టిన మాట నిజమే. కానీ అది నా రిపోర్ట్‌లోకి ఎందుకు వచ్చింది? కొన్ని నెలల గడుల్లో 000 ఉంది, కొన్నింటిలో 61, 92 అని అంకెలున్నాయి.

మూడోది, ఒకే వారంలో ఆరు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు నా రిపోర్ట్ చూసినట్టు ఎంక్వైరీలు ఉన్నాయి. ఫ్లాట్ అమ్మిన వాళ్ల ఆఫీసులో ఒకబ్బాయి "ఎంత లోన్ వస్తుందో చూద్దాం మేడం" అని పాన్ నంబర్ తీసుకున్నాడు. అది తప్ప నేను ఇంకెక్కడా ఇవ్వలేదు.

నిన్న ఎవరో ఫోన్ చేశారు, ఆ 2019 లోన్ గురించి. "నాలుగు వేలు కట్టండి, సెటిల్ చేసేస్తాం, సిబిల్ క్లియర్ అయిపోతుంది" అన్నారు. మా వారు కట్టేసి వదిలించుకుందాం అంటున్నారు. ఫ్లాట్ రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడుతోంది. దయచేసి ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక కుర్రాడు:

అక్కా, ముందు ఆ యాప్‌లో స్కోరు చూడటం ఆపండి. చూసినప్పుడల్లా కొన్ని పాయింట్లు తగ్గిపోతాయి, మా ఆఫీసులో అందరూ అదే అంటారు. నాలుగు వేలేగా, కట్టేసి రసీదు తీసుకోండి. 29 లక్షల లోన్ ముందు అదెంత.

పాత ఫీల్డాఫీసర్:

అమ్మా, ఆ నాలుగు వేలు కట్టకండి. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతావి రాస్తాను.

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ఫీల్డాఫీసర్‌గా చేరి మేనేజర్‌గా రిటైర్ అయ్యాను. జంగారెడ్డిగూడెం, సత్తుపల్లి, తాడేపల్లిగూడెం బ్రాంచీల్లో పనిచేశాను. లోన్ కావాలని వచ్చినవాళ్లు అందరూ స్కోరు గురించే అడిగేవారు. రిపోర్ట్ చదివి వచ్చినవాళ్లు చాలా తక్కువ. స్కోరు మూడంకెలు, అంతే. దాని వెనక ఏ లైను ఉందో రిపోర్ట్‌లోనే తెలుస్తుంది. మీరు ఆ పేజీలన్నీ కూర్చుని చదివారు, సగం పని అక్కడే అయిపోయింది.

తమ్ముడు చెప్పింది పొరపాటు. మన స్కోరు మనం చూసుకుంటే ఒక్క పాయింటు కూడా తగ్గదు. లోన్ కోసమో కార్డు కోసమో అప్లై చేసినప్పుడు బ్యాంకు తీసే ఎంక్వైరీయే లెక్కలోకి వస్తుంది. ఈ భయంతో చాలామంది ఏళ్ల తరబడి తమ రిపోర్ట్ చూసుకోరు. తప్పులు అలాగే ఉండిపోతాయి.

యాప్‌కీ బ్యాంకుకీ స్కోరు ఎందుకు తేడా వచ్చిందంటే, మన దేశంలో రిజర్వు బ్యాంకు లైసెన్సుతో నాలుగు క్రెడిట్ సమాచార కంపెనీలు పనిచేస్తున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ 2000లో పుట్టింది, అందరికంటే ముందు వచ్చింది కాబట్టి జనం ఏ స్కోరునైనా సిబిల్ అనే అంటారు. మీ యాప్ చూపించేది వేరే కంపెనీ స్కోరు అయ్యుండొచ్చు. స్కోరు కింద చిన్న అక్షరాల్లో పేరు ఉంటుంది, చూడండి. నాలుగూ 300 నుంచి 900 మధ్యే స్కోరు ఇస్తాయి కానీ లెక్కగట్టే పద్ధతి ఎవరిది వాళ్లదే, ఆ సూత్రం పూర్తిగా బయట పెట్టరు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు నాలుగింటికీ సమాచారం పంపాలని 2015లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అయినా ఒక కంపెనీ దగ్గర చేరిన తప్పు ఇంకోదాని దగ్గర ఉండాలని లేదు. అందుకే మిగతా మూడింటి రిపోర్ట్‌లూ తెప్పించుకోండి. 2017 నుంచి ఒక్కో కంపెనీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కట్టమని స్క్రీన్ మీద ఏదైనా ప్లాన్ వస్తే దాన్ని దాటేసి ఉచిత రిపోర్ట్ లింకు వెతకండి.

ఇక 2019 లోన్ సంగతి. రిపోర్ట్ మొదట్లో మీ వ్యక్తిగత వివరాలు ఉంటాయి. జనం అది తిప్పేసి నేరుగా లోన్ల దగ్గరికి వెళ్తారు. మీరు మాత్రం అక్కడే ఆగి, ఉన్న అడ్రసులు, ఫోన్ నంబర్లు ఒక్కొక్కటీ చూడండి. మీరు ఎప్పుడూ ఉండని ఊరి అడ్రసు గానీ, మీది కాని నంబర్ గానీ కనిపిస్తే, వేరే ఎవరిదో రికార్డు మీదాంట్లో కలిసిపోయిందని అర్థం. ఒకవేళ అడ్రసులన్నీ మీవే అయి, లోన్ మాత్రం మీది కాకపోతే అది ఇంకో రకం. ఎవరో మీ కాగితాలు వాడి లోన్ తీసుకుని ఉండొచ్చు. అప్పుడు పోలీసు ఫిర్యాదు కూడా కావాల్సి వస్తుంది.

మన వైపు ఈ కలిసిపోవడం ఎక్కువగా చూశాను. పాన్ కార్డులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, ఓటరు కార్డులో ఒక్క అక్షరం. ఆడవాళ్లకైతే పెళ్లికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకోటి. పుట్టినతేదీ చూస్తే బడిలో చేర్చేటప్పుడు మాస్టారు రాసిన జూన్ ఒకటి. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే జూన్ ఒకటి ఉన్న ఇద్దరు ఒకే జిల్లాలో ఉండటం ఏమీ వింత కాదు. షాపులో టీవీ లోన్ రాసే కుర్రాడు పాన్ గడి సరిగా నింపకపోతే కంప్యూటరు పేరూ తేదీ చూసి జత కలుపుతుంది.

మీరు చేయాల్సింది ఇది. సిబిల్ సైట్‌లో లాగిన్ అయి ఆ అకౌంట్ మీద డిస్‌ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి, 'ఈ అకౌంట్ నాది కాదు' అని. దానికి ఫీజు ఏమీ ఉండదు. తెలియని అడ్రసు, ఫోన్ నంబర్ ఉంటే వాటి మీదా పెట్టండి. రిపోర్ట్ పైన ఉండే కంట్రోల్ నంబర్ రాసిపెట్టుకోండి, ఎవరితో మాట్లాడినా అదే అడుగుతారు. సిబిల్ తనంతట తాను రికార్డు మార్చదు, లోన్ ఇచ్చిన కంపెనీని అడుగుతుంది, వాళ్లు ఒప్పుకుంటేనే మారుస్తుంది. అందుకే అదే రోజు ఆ ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి కూడా ఈమెయిల్ పెట్టండి. "ఈ లోన్ దరఖాస్తు, దాని మీది సంతకం, ఫొటో, తీసుకున్న గుర్తింపు కార్డు కాపీ, డబ్బు ఏ షాపుకి వెళ్లిందో పంపండి" అని అడగండి. ఈ మాట నోటితో అడిగితే ఎవరూ పట్టించుకోరు, రాసి అడగాలి.

ముప్పై రోజుల్లో తేల్చాలి. ఇందులో లోన్ ఇచ్చినవాళ్లకు 21 రోజులు, మిగిలినవి క్రెడిట్ కంపెనీకి. దాటితే రోజుకు ₹100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం, 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. ఆలస్యం ఎవరిదైతే వాళ్లే ఇవ్వాలి. మీ విన్నపం తిరస్కరిస్తే కారణం కూడా చెప్పాలి.

నాలుగు వేలు ఎందుకు కట్టొద్దన్నానో చెబుతాను. కట్టారంటే ఆ లోన్ మీదేనని మీరే ఒప్పుకున్నట్టు. తర్వాత 'నాది కాదు' అంటే ఎవరు వింటారు? పైగా బాకీ 9,340 అయితే 4,000 కడితే రికార్డులో 'సెటిల్డ్' అని పడుతుంది. అంటే పూర్తిగా తీర్చలేదు, కొంత వదిలేయించుకున్నారు అని. అది 'క్లోజ్డ్' కాదు. హోమ్ లోన్ ఇచ్చే ఆఫీసరుకి ఆ మాట కనిపిస్తే ఇప్పుడున్న ఇబ్బందే ఇంకో రూపంలో ఏళ్ల తరబడి ఉంటుంది. నిజంగా తమదే అయిన బాకీ ఉన్నవాళ్లకు కూడా నేను ఇదే చెబుతాను, వీలైతే మొత్తం కట్టి నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ లేదనే పత్రం) తీసుకోండి. ఇంకో సంగతి, 'రిటెన్ ఆఫ్' అంటే బాకీ మాఫీ అయిందని కొందరు సంతోషపడతారు. అది రాని బాకీ అని బ్యాంకు తన పుస్తకాల్లో చేసుకున్న సర్దుబాటు. బాకీ బాకీగానే ఉంటుంది.

ఆ ఫోన్ చేసినాయన మళ్లీ చేస్తే, అకౌంట్ నంబర్‌తో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి పంపమనండి. పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత రికవరీ ఫోన్లు చేయకూడదు, అదీ గుర్తుపెట్టుకోండి.

ఎంక్వైరీల గురించి పెద్దగా బెంగ వద్దు. ఒకే వారంలో ఆరు అంటే కాస్త దెబ్బే, కానీ నెలలు గడిచేకొద్దీ దాని బరువు తగ్గుతుంది. బ్యాంకు మేడం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, ఒకే ఇంటి కోసం ఒకే వారంలో జరిగినవని తేదీలే చెబుతాయి. ఇకపైన పాన్, ఓటీపీ ఎవరికీ ఇవ్వకండి. ఏ బ్యాంకైనా మీ రిపోర్ట్ తీస్తే మీకు ఎస్సెమ్మెస్ గానీ ఈమెయిల్ గానీ రావాలి. రావడం లేదంటే క్రెడిట్ కంపెనీ దగ్గర మీ నంబర్ తప్పుగా ఉందేమో చూసుకోండి.

క్రెడిట్ కార్డు ఉందా? ఉంటే లిమిట్ ఎంత, నెలకు ఎంత వాడతారో రాయండి.

కరీంనగర్ మెకానిక్:

ఫీల్డాఫీసర్ సార్ చెప్పినట్టు రాసి అడగడమే మంచిది మేడం. నాది బైక్ మెకానిక్ షాపు. బండి లోన్ మొత్తం కట్టేసి ఎన్‌ఓసీ (బాకీ లేదని వాళ్లిచ్చే కాగితం) కూడా తెచ్చుకున్న. ఆర్సీ మీద హైపోథికేషన్, అంటే బండి లోన్ కింద ఉందనే మాట, కూడా తీయించుకున్న. కానీ రిపోర్ట్‌లో మాత్రం ఆ లోన్ ఇంకా నడుస్తున్నట్టే, నెల నెలా బాకీ పెరుగుతున్నట్టే చూపెట్టింది. షాపు పెద్దగ చేద్దామని ముద్ర లోన్‌కి పోతే అక్కడ ఆగిపోయింది.

ఆ ఫైనాన్స్ ఆఫీసుకి పోయి అడిగితే "పైన హెడ్డాఫీసు సార్, మా చేతుల లేదు" అన్నరు. ఫోన్ చేస్తే ఇంకొకరు, మళ్ల పోతే ఇంకొకరు. డిస్‌ప్యూట్ పెడితే 'సమాచారం సరైనదే అని సంస్థ ధ్రువీకరించింది' అని ఒక్క లైను జవాబు. ఎన్‌ఓసీ నా చేతుల ఉంది, వాళ్లే సంతకం పెట్టి ఇచ్చిన్రు, ఇంక సరైనది ఎట్లయితది?

అప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు చూసే అధికారికి, పెట్టిన. సీఎంఎస్ అని రిజర్వు బ్యాంకు పోర్టల్ ఉంది, ఫోన్ల నుంచే పెట్టొచ్చు. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. ఎన్‌ఓసీ, చివరి కిస్తీ కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్, వాళ్ల ఒక్క లైను జవాబు, మూడు జత చేసిన. ఆ తర్వాత హెడ్డాఫీసు వాళ్లే ఫోన్ చేసిన్రు. రికార్డు 'క్లోజ్డ్' అని మారింది. ముద్ర లోన్ వచ్చింది, ఇప్పుడు షాపుల ఇంకో పిల్లగాడికి పని దొరికింది.

ఒక్కటే గుర్తుపెట్టుకోండి, ముందు కంపెనీకి రాయకుండా నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోతే తీసుకోరు. వాళ్లకు రాసి ముప్పై రోజులు చూడాలి, లేకుంటే వాళ్ల జవాబు చేతికి వచ్చుండాలి. పోర్టల్ రానోళ్లు 14448కి ఫోన్ చేసి తెలుగులనే అడగొచ్చు.

పాత ఫీల్డాఫీసర్:

మెకానిక్ గారు మంచి సంగతి చెప్పారు. 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ సమాచార కంపెనీలు కూడా ఆ అంబుడ్స్‌మన్ కిందికి వచ్చాయి. అంతకుముందు బ్యాంకు మీద ఫిర్యాదు పెట్టగలిగేవాళ్లం గానీ సిబిల్ మీద పెట్టడానికి అంత సులువైన దారి ఉండేది కాదు. అయితే 'నాకు స్కోరు తక్కువ ఎందుకు వేశారు' అని పెడితే నేను ముందు చెప్పిన, రోజుకు వంద చొప్పున వచ్చే పరిహారం వర్తించదు. రికార్డులో ఫలానా లైను తప్పు అని చూపించాలి.

కాకినాడ నర్సు:

సార్, చాలా థాంక్స్ అండి. మీరు చెప్పాక మొదటి పేజీ చూశాను. రాజమండ్రి దానవాయిపేట అడ్రసు ఒకటి ఉంది! నేను ఎప్పుడూ అక్కడ ఉండలేదు. ఒక ఫోన్ నంబర్ కూడా నాది కాదు. మీరన్నట్టే నా పుట్టినతేదీ జూన్ ఒకటే. డిస్‌ప్యూట్ పెట్టాను, ఫైనాన్స్ కంపెనీకీ ఈమెయిల్ పెట్టాను.

కార్డు ఉంది. లిమిట్ 60 వేలు. ఇంటి సామాన్లు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు అన్నీ దాంతోనే కడతాను. నెలకు 50 వేల దాకా అవుతుంది. కానీ ఒక్క రూపాయి వడ్డీ పడకుండా మొత్తం కట్టేస్తాను, ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

నాకు ఎక్కువ బాధగా ఉంది అన్నయ్య లోన్ గురించి. ఆ రోజు బ్యాంకులో "చెల్లెమ్మా, ఇది ఊరికే ఫార్మాలిటీ" అన్నారు. అన్నయ్య కిస్తీ ఆగినట్టు నాకు ఎవరూ ఒక్క ఫోన్ చేయలేదు. అన్నయ్యను అడగాలంటే మొహమాటంగా ఉంది. ఖరీఫ్‌లో వర్షాలకి చేను పడిపోయింది, పాపం ఆయన ఏం చేస్తాడు? షూరిటీ నుంచి నా పేరు తీసేయించుకోవచ్చా?

పాత ఫీల్డాఫీసర్:

అమ్మా, కార్డు సంగతి ముందు. మీరు మొత్తం కట్టేస్తున్నారు, మంచిదే. కానీ బ్యాంకు రిపోర్ట్ పంపే రోజున కార్డు మీద ఎంత బాకీ ఉందో అదే వెళ్తుంది. 60 వేల లిమిట్‌కి 50 వేలు కనిపిస్తే, ఈవిడ లిమిట్ అంచుదాకా వాడుకుంటోంది అని లెక్క పడుతుంది. మూడో వంతు లోపల ఉంచుకుంటే మేలు అంటారు. బిల్లు తయారయ్యే తేదీకి ముందే సగానికి పైగా కట్టేస్తూ ఉండండి, అంతే చాలు. ఖర్చు తగ్గించక్కర్లేదు. లిమిట్ పెంచుతామని బ్యాంకు అడిగితే ఒప్పుకోండి.

షూరిటీ గురించి చెప్పడానికి నాకు మనసు కష్టంగా ఉంటుంది. 'ఫార్మాలిటీ' అన్న ఆ ఒక్క మాట వల్ల నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం షూరిటీ ఉన్నవాళ్ల బాధ్యత, అప్పు తీసుకున్నవాళ్ల బాధ్యతతో సమానం. అందుకే అది మీ రిపోర్ట్‌లోనూ వస్తుంది. ఆ అకౌంట్ దగ్గర ఓనర్‌షిప్ అనే చోట 'గ్యారంటర్' అని ఉంటుంది. ఆ గడుల్లోని అంకెలు కిస్తీ ఎన్ని రోజులు ఆలస్యమైందో చెబుతాయి. 000 అంటే ఆలస్యం లేదు, 61 అంటే అరవై ఒక్క రోజులు దాటింది. ఎక్స్ ఎక్స్ ఎక్స్ అని ఉంటే ఆ నెల బ్యాంకు సమాచారం పంపలేదని, దానికి భయపడక్కర్లేదు.

కిస్తీ తప్పిన మొదటి నెలలోనే షూరిటీ ఉన్నవాళ్లకి బ్యాంకు ఫోన్ చేసి చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. నేనున్న బ్రాంచీల్లో చేయించేవాణ్ని. చెల్లెలికి తెలిస్తే అన్నని అడుగుతుంది, సగం అకౌంట్లు అక్కడే దారిలోకి వస్తాయి.

పేరు తీసేయించుకోవడం మీ ఒక్కరి ఇష్టంతో అయ్యేది కాదు. అన్నయ్య ఇంకో షూరిటీని చూపించి బ్యాంకు ఒప్పుకోవాలి. అప్పటిదాకా చేయగలిగింది రెండు. ఒకటి, ఆ బ్రాంచికి వెళ్లి ట్రాక్టర్ లోన్ స్టేట్‌మెంట్ అడగండి, గ్యారంటర్‌గా అడిగే హక్కు మీకుంది. రెండోది, ఆ 92 అంకె సరైనదేనా చూడండి. ఇక్కడ నాకు ఒక అనుమానం ఉంది. వ్యవసాయ లోన్లకు కిస్తీలు పంట చేతికొచ్చే కాలానికి పెట్టుకోవాలి. మామూలు లోను 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. వ్యవసాయ లోనుకి స్వల్పకాలిక పంటలైతే రెండు పంటకాలాలు దాటాకే. మీ అన్నయ్య కిస్తీ ఆరు నెలలకోసారా, నెలనెలానా? మంజూరు పత్రంలో ఆరు నెలలు అని ఉండి కంప్యూటర్‌లో నెలనెలా అని ఎక్కిస్తే, లేని ఆలస్యం కూడా కనిపిస్తుంది. ఇలాంటివి నేను సరిదిద్దించిన సందర్భాలున్నాయి. మంజూరు పత్రం తీసి చూడండి.

అన్నయ్యతో మాట్లాడండి అమ్మా. ఆయన రిపోర్ట్ కూడా ఇలాగే దెబ్బతింటోంది, వచ్చే ఏడాది పంట లోన్‌కి వెళ్తే ఆయనకే ఇబ్బంది. ఆ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు.

సంఘం లెక్కలు (మిర్యాలగూడ):

సార్, మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. నేను డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాస్తాను. మా సంఘంలో ఇద్దరు కట్టకపోతే మిగతా పది మంది రిపోర్ట్‌లు కూడా పాడవుతాయా? ఒకామె కొడుకు బీటెక్ చదువు లోన్‌కి వెళ్తే తల్లి పేరు మీద ఏదో బాకీ ఉందన్నారట.

పాత ఫీల్డాఫీసర్:

సభ్యుల వారీగా వివరాలు క్రెడిట్ కంపెనీలకు పంపాలని 2016లో రిజర్వు బ్యాంకు చెప్పింది. అంటే ఎవరు ఎంత తీసుకున్నారు, ఎంత కట్టారు అనేది వేరువేరుగా వెళ్లాలి. అది సరిగా వెళ్లాలంటే మీరు రాసే పుస్తకమే ఆధారం. సభ్యుల వారీ అప్పు, వసూలు ప్రతి నెలా బ్యాంకుకి ఇస్తున్నారా చూడండి. ఆ తల్లిని తన సొంత రిపోర్ట్ తీయించుకోమనండి, నాలుగు కంపెనీలవీ. సంఘం లోనా, విడిగా తీసుకున్న మైక్రోఫైనాన్స్ లోనా అనేది అందులో తేలుతుంది. ఆమె వాటా కట్టేసి ఉంటే మీ పుస్తకం, తీర్మానం కాపీ, బ్యాంకు పాస్‌బుక్కు జత చేసి బ్రాంచికి అర్జీ ఇవ్వండి. మీరు సాక్ష్యం ఇస్తే ఆ పిల్లాడి చదువు ఆగదు.

గాజువాక కుర్రాడు:

సార్, నేను చెప్పింది తప్పని తెలిసింది, నర్సక్కకి సారీ. నాదొక చిన్న డౌటు. నేను ఇప్పటిదాకా ఏ లోనూ తీసుకోలేదు. రిపోర్ట్‌లో మైనస్ ఒకటి అని వచ్చింది. అంటే చాలా ఘోరమా?

పాత ఫీల్డాఫీసర్:

కాదు బాబూ. నీ చరిత్ర ఇంకా మొదలు కాలేదని అర్థం. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి లోన్ అడిగేవాళ్లను తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. బ్యాంకు నీ జీతం, ఉద్యోగం, అకౌంట్ నడిచిన తీరు చూస్తుంది. తొందర లేకపోతే చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద క్రెడిట్ కార్డు తీసుకుని, కొద్దిగా వాడుతూ నెలనెలా మొత్తం కట్టు. ఫోన్‌లో క్షణంలో లోన్ ఇస్తామనే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకు.

కాకినాడ నర్సు:

అందరికీ సంగతి చెప్పాలని వచ్చానండి. 2019 లోన్ నా రిపోర్ట్ నుంచి తీసేశారు! దరఖాస్తు కాపీ కోసం మళ్లీ గుర్తు చేస్తే పంపారు. అందులో ఫొటో వేరే ఆవిడది, పేరు అచ్చం నాదే, పాన్ గడి ఖాళీగా ఉంది. సార్ చెప్పినట్టే జరిగింది. రాజమండ్రి అడ్రసు కూడా పోయింది.

అన్నయ్య దగ్గరికి మా వారూ నేనూ కలిసి వెళ్లాం. ముందు కాస్త నొచ్చుకున్నాడు గానీ, రిపోర్ట్ చూపించాక "నా వల్ల నీ ఇల్లు ఆగకూడదు" అన్నాడు. దాళ్వా ధాన్యం డబ్బు రాగానే పాత బాకీ కట్టేశాడు. మంజూరు పత్రంలో కిస్తీ ఆరు నెలలకోసారి అనే ఉంది. స్టేట్‌మెంట్‌లో ఒక కిస్తీ తేదీ తప్పుగా ఉందని బ్రాంచిలో ఒప్పుకున్నారు. ఆ 92 అక్కడి నుంచే వచ్చిందట, సరిచేసి పంపుతామని రాసిచ్చారు. 61 మాత్రం నిజంగా ఆలస్యమైనదే, అది ఉంటుంది అన్నారు.

ఇప్పుడు సిబిల్ 729. నా బ్యాంకు మేడం ఫైలు మళ్లీ తీశారు. ఫ్లాట్ వాళ్లు గడువు పొడిగించారు. ట్రాక్టర్ లోన్ గురించి బ్రాంచి ఇచ్చిన కాగితం సరిపోతుందా, లేక రికార్డు మారేదాకా ఆగాలా సార్?

పాత ఫీల్డాఫీసర్:

చాలా సంతోషం అమ్మా. మీరిద్దరూ కలిసి వెళ్లడం మంచి పని.

ఆ కాగితం ఈరోజే బ్యాంకులో ఇవ్వండి. ట్రాక్టర్ లోన్ తాజా స్టేట్‌మెంట్, గడువు దాటిన బాకీ సున్నా అని కనిపించేది, దానికి జత చేయండి. లోన్ ఆఫీసరు నోట్‌లో రాసుకోవడానికి ఆధారం కావాలి, అది దొరికితే చాలామంది ముందుకే వెళ్తారు. రికార్డు మారడానికి ఒకటి రెండు విడతలు పడుతుంది. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలని నియమం వచ్చింది కాబట్టి, మునుపటిలా నెలల తరబడి ఆగక్కర్లేదు. మారాక రిపోర్ట్ ఇంకోసారి తీసి, 92 స్థానంలో ఏముందో మీ కళ్లతో చూసుకోండి. మిగతా మూడు కంపెనీల్లో కూడా చూడండి, ముఖ్యంగా ఆ రాజమండ్రి లోన్ ఇంకెక్కడైనా మిగిలిందేమో.

ఆ ఫైనాన్స్ కంపెనీ జవాబు ముప్పై రోజుల లోపే వచ్చిందా? దాటి ఉంటే రోజుకు వంద చొప్పున మీ అకౌంట్‌లో పడాలి, తేలిన తర్వాత ఐదు పని దినాల్లో. పడకపోతే అడగండి, వదిలేయకండి.